కరపత్రంలో లేని పేరు

ఈ ఏడు శ్రీరామనవమికి మా ఊరి కమిటీవాళ్లు వేయించిన కరపత్రం వాట్సాప్‌లో వచ్చింది. రంగులకేం తక్కువ లేదు. ఒక రాత్రి కోలాటం, ఒక రాత్రి పాటకచేరి, ఒక రాత్రి టీవీ కళాకారుల కామెడీ స్కిట్లు, ఆఖరి రాత్రి డీజే. హరికథ ఒక్కటి ఎలాగో బతికి బయటపడింది. బుర్రకథ లేదు. అది మానేసి చాలా ఏళ్లయింది కాబట్టి నాకది కొత్త సంగతేం కాదు. చూపు ఆగింది ఆ కామెడీ స్కిట్ల దగ్గర. మా ఊరిని నవ్వించడానికి హైదరాబాదు నుంచి మనుషులు రావాలా అని ముందు కాస్త రోషం వచ్చింది. తరవాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ రోజుల్లో మాత్రం? అప్పుడూ పొరుగూరి వాళ్లే వచ్చేవాళ్లు. కాకపోతే పొద్దున బస్సు దిగినవాడు చీకటి పడేసరికి మా ఊరివాడైపోయేవాడు. ఎవరి గేదె ఎవరి చేలో పడిందో కూడా వాడికి తెలిసిపోయేది.

బుర్రకథ చూడకుండానే ఒక తరం పెరిగి పెద్దదయింది గనక కాస్త వివరం చెప్పాలి. దానికి ముగ్గురు కావాలి. నడుమ కథకుడు. భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, తలపాగా, మోకాళ్లు దిగిన అంగరఖా. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల చేతుల్లో గుమ్మెటలు. కొన్ని ఊళ్లలో వాటినే డక్కీలనేవారు. కథకుడు చరణం ఎత్తి వదిలితే వంతలు ‘తందాన తాన’ అని అందుకుంటారు. వంతల్లో ఒకడు రాజకీయం చెప్పేవాడు. కథ బొబ్బిలికోటలో నడుస్తున్నా సరే, దాన్ని తెచ్చి నిన్నటి పేపరుకు ముడివేస్తాడు. రెండోవాడు హాస్యపు వంత. తెలియనట్టు అడుగుతాడు, తప్పుగా వింటాడు, వద్దన్నచోట అడ్డం పడతాడు, కథకుడి చేత తిట్లు తింటాడు. ఎవరికోసం వచ్చారని జనాన్ని అడిగితే అందరూ కథకుడి పేరే చెప్పేవారు. మర్నాడు చెరువుగట్టున ఎవరి మాటలు చెప్పుకుని పడీపడీ నవ్వారో వింటే అసలు లెక్క తేలేది.

కథకుడికి కథ ఉంది. అల్లూరి సీతారామరాజు, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, బాలనాగమ్మ, కాంభోజరాజు. పాతవి గురువు నోట నేర్చుకున్నవి, కొత్తవి అచ్చయినవి. హాస్యపు వంతకు మాత్రం రాసిచ్చేవాడు లేడు. తన మాట తానే కట్టుకోవాలి, తానే చెప్పాలి. అదీ ఏ ఊరికి ఆ ఊరి సరుకు.

అలాంటి ఒకాయన మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని ఉండేవాడు. వానాకాలమంతా దర్జీ పని. శివరాత్రి దగ్గర పడుతుందనగా మిషను మీద గోనెపట్టా కప్పేసి, అటక మీది గుమ్మెట దించేవాడు. ఇక తొలకరి దాకా తిరునాళ్లు, జాతరలు, నవమి పందిళ్లు. మాకు చుట్టం కాడు, అయినా అందరికీ బాబాయే. వేసవి సెలవుల్లో మా అమ్మను ఒప్పించి నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. గుమ్మెట సంచి మోయడం, సోడాలు తేవడం నా పని. కూలి కింద రాత్రంతా వేదిక పక్కన కూర్చుని కథ వినొచ్చు. అంతకు మించిన ఉద్యోగం నాకు తరవాత దొరకలేదు.

* * *

ఆయన పని బస్సులోనే మొదలయ్యేది. గుమ్మెటను పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకునేవాడు. పైకి వేస్తే పగులుతుందని భయం. మునుపు అవి మట్టివి ఉండేవి, తరవాత ఇత్తడివి, రాగివి వచ్చాయి. ఈయనది మాత్రం పాతకాలపు మట్టిదే. ఒక కండక్టరు ఆ మూట చూసి లగేజీ టిక్కెట్టు కొట్టమన్నాడు.

“ఇది చంటిదండీ, మూడేళ్లు నిండలేదు. ఒళ్లో కూర్చునేదానికి టిక్కెట్టేంటి?”

“చంటిదైతే ఏడవాలిగా?”

బాబాయి దుప్పటి కాస్త తప్పించి వేలితో చర్మం మీద నొక్కి జార్చాడు. ‘గు...మ్మ్’ అని మూలిగింది. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, టిక్కెట్టు మాత్రం కొట్టాడు. ఆ రాత్రి కథలో ఆ కండక్టరు వచ్చాడు. రంపలో అల్లూరి దళం కొండ ఎక్కుతుంటే వెనకనుంచి విజిలేసి “లగేజీ ఎవరిదయ్యా?” అని అడిగింది ఆయనే. ఆ బస్సు రోజూ ఎక్కే ఊరు కాబట్టి, గొంతు వినగానే మనిషిని గుర్తుపట్టారు.

ఊళ్లో దిగాక ముగ్గురూ మూడు దారులు. కథకుడు బడి వరండాలో చాప పరుచుకుని పడుకునేవాడు. మధ్యాహ్నం దాకా మాట్లాడడు, గొంతు దాచుకోవాలి. బుగ్గన కరక్కాయ ముక్క. ఏం కావాలన్నా సైగే. రాజకీయపు వంత పంచాయతీ ఆఫీసుకు పోయి పేపరు ముందేసుకునేవాడు. మా బాబాయి గడ్డం నిమురుకుంటూ మంగలి దగ్గరికి బయల్దేరేవాడు. గడ్డం పెరిగినా పెరగకపోయినా సరే.

ఊరి సమాచారమంతా అక్కడ ఉంటుందని ఆయనకు తెలుసు. చెట్టు కింద పెట్టె తెరుచుకుని కూర్చున్న మంగలి, ఎదురుగా వరసకోసం కాచుకున్న నలుగురు. ఈయన కళ్లు మూసుకుని మొహం అప్పగించేవాడు. ఏదీ అడిగేవాడు కాదు. అడిగితే మనుషులు మంచి మాటలే చెబుతారని ఆయన నమ్మకం. నురగ పెట్టించుకుని కూర్చున్నవాడు విననట్టే లెక్క గనక, చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కడ వదిలిన మాట అక్కడినుంచే అందుకునేవాళ్లు. ఈసారి మిరప ధర, కాలవకు నీళ్లు రాని సంగతి, ఎవరింటి పెళ్లిలో పప్పు మాడిందో, ఎవరి అల్లుడు అలిగి వెళ్లాడో, అన్నీ ఆ అరగంటలో చెవిన పడేవి. అక్కడినుంచి టీ హోటలు, తరవాత బావి దగ్గర చేద తోడుకునే వంకతో కాసేపు, చివరికి రామాలయం అరుగు. పుస్తకం, పెన్సిలు ఎన్నడూ చూడలేదు ఆయన చేతిలో. బీడీ మాత్రం ఉండేది.

కమిటీ పెద్దలు కనిపించినప్పుడు ఒకే ఒక్కటి నేరుగా అడిగేవాడు. “ఎవరి పేరు ఎత్తకూడదో చెప్పండి.” ఎవరి పేరు ఎత్తాలో చెప్పడానికి ఊళ్లో సగం మంది తయారుగా ఉండేవాళ్లు. ఈ ప్రశ్నకు మాత్రం పెద్దాయన ఎవరో గొంతు తగ్గించి జవాబు చెప్పేవాడు. ఫలానా ఇంట్లో ఈ మధ్యే పోయారు, ఫలానావాళ్ల అమ్మాయి సంగతి కోర్టులో ఉంది. అవి మనసులో వేసుకునేవాడు, రాత్రి ఆ దరిదాపులకు పోయేవాడు కాడు. పల్నాడు వైపు వెళ్తే ఇంకో జాగ్రత్త. ఊరు రెండు పార్టీలుగా ఉంటే చురక ఇద్దరికీ సమానంగా పడాలి, తూకంలో వీసం తేడా రాకూడదు. ఒక ఊళ్లో ఇరుపక్షాలూ పోటీపడి ఎదురెదురుగా రెండు రచ్చబండలు కట్టుకున్నారు. ఆ రాత్రి ఈయన వేదిక మీద కాసేపు ఆ రెంటినీ మెచ్చుకుని, “కూర్చోడానికి రెండు అరుగులున్నాయి గురువుగారూ, కలిసి కూర్చోడానికే ఒక్కటీ లేదు” అన్నాడు. అటువాళ్లు నవ్వారు. ఇటువాళ్లు నవ్వారు. ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా నవ్వారు.

* * *

మధ్యాహ్నం భోజనం ఎవరో ఒక ఆసామి ఇంట్లో. ఈ సంగతి చెప్పకుండా పాత రోజులు బంగారు రోజులని రాయడం నా వల్ల కాదు. కొన్ని ఇళ్లలో కథకుడికి వసారాలో పీట, వంతలకు పెరటి చూరు కింద విస్తరి. కొన్ని ఇళ్లలో ముగ్గురికీ పెరడే. కులం అడిగి విస్తరి వేసేవాళ్లు. బుర్రకథకు ఇంత పేరు తెచ్చిన షేక్ నాజర్‌గారు పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టినవాడు. ఆయన ఆత్మకథ పేరే ‘పింజారి’. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆయన చెప్పిన అల్లూరి కథ జనం నోళ్లలో నానింది, 1986లో పద్మశ్రీ వచ్చింది. అంతటివాడు తన పుస్తకానికి ఆ పేరు పెట్టుకున్నాడంటే దాని వెనక ఎన్ని విస్తళ్లున్నాయో ఊహించుకోవచ్చు.

పెరట్లో భోంచేసిన రోజు రాత్రి ఆ ఇంటి మీద బాబాయి ఒక్క మాటా వేసేవాడు కాడు. పెట్టిన చేతిని ఎగతాళి చెయ్యకూడదని ఆయన నియమం. ఎక్కడ కూర్చోబెట్టి పెట్టారన్నది ఆ నియమంలో లేదు. నాకు ఉడుకుమోతుతనం వచ్చి ఒకసారి అడిగేశాను.

“ఆళ్ల మీద ఎందుకెయ్యలేదు బాబాయ్?”

“ఒరే అబ్బాయ్, నవ్వితే ఊరు మారుద్దేంట్రా? వచ్చే ఏడు మళ్లీ పిలవాలిగా.”

ఆ మాటలో ఆకలి ఎంతో, తెలివి ఎంతో నేనిప్పటికీ విడదీయలేను.

* * *

పొద్దు వాలాక అసలు కసరత్తు. గుమ్మెట చర్మం చెమ్మకు వదులైపోతుంది. ఎండుకొబ్బరాకు మంట వేసి, దూరంగా పట్టి తిప్పుతూ కాచేవాడు. మంటకు దగ్గర పెడితే చిట్లుతుంది, దూరం పెడితే పలకదు. మధ్యమధ్య చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో తట్టి చూసేవాడు. తంబుర శ్రుతికి అది కలిసినప్పుడు కథకుడు కళ్లతోనే చాలన్నట్టు చెప్పేవాడు. పెట్రోమాక్సు లైట్లకు గాలి కొట్టే చప్పుడు, మైకువాడి ‘హలో హలో’, ముందు జాగా కోసం పిల్లల కుమ్ములాట, చాపలు విదిలించిన దుమ్ము, ఇవన్నీ ఒకేసారి పుట్టేవి. మొహానికి పౌడరు, కనుబొమలకు కాటుక, పొడుగ్గా బొట్టు. తలపాగా చుట్టుకునేటప్పుడు బాబాయి నోట్లో ఏదో గొణుక్కునేవాడు. దేవుడికి దండమేమో అనుకునేవాణ్ని. దగ్గరికెళ్లి వింటే పొద్దున విన్న పేర్లు.

కట్టుకున్న హాస్యమంతా కథకుడికి ముందే చెప్పేవాడు కాడు. ఎక్కడ అడ్డం పడతాడో చెప్పేవాడు, ఏమంటాడో చెప్పేవాడు కాడు. “మిరపకాయ టపా దగ్గర ఒకసారి ఆపండి గురువుగారూ, మళ్లీ నేనే వదులుతాను” అంటే చాలు. కథకుడికి అది చాలా నమ్మకం కావాల్సిన పని. వీరరసం ఉప్పొంగుతుండగా వేరేవాడి చేతికి పగ్గం ఇవ్వాలి, వాడు తిరిగి ఇస్తాడని నమ్మాలి. మంచి కథకులు కొందరికి ఆ ఓర్పు ఉండేది కాదు. అలాంటివాళ్ల దగ్గర హాస్యపు వంత ఉత్త ‘తందాన’కే మిగిలిపోయేవాడు.

ఇక రాత్రి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా దాడి జరిగిన ఘట్టం. ఫలానా వేళకు వస్తున్నానని ముందే కబురుపెట్టి మరీ వచ్చే వీరుడు రామరాజు. ఆ కబురుకు మిరపకాయ కట్టి పంపేవాడని చెప్పుకుంటారు. కథకుడు గజ్జె కట్టిన కాలు ముందుకేసి, అందెలు ఝల్లుమనిపించి, టపా ఠాణాకు చేరిందని చెప్పి ఊపిరి తీసుకున్నాడు. బాబాయి గుమ్మెట ఆపేశాడు.

“ఒక్క నిమిషం గురువుగారూ. మిరపకాయన్నారా?”

“మిరపకాయే. అయితే ఏంట్రా?”

“మేలుకాయా, తాలుకాయా?”

“టపాకు కట్టే కాయకి మేలేంటి, తాలేంటి?”

“అట్టా తీసిపారేయకండి. మొన్న ఈ ఊరి రైతు గుంటూరు బండెడు కాయ తోలితే, సగం తాలని పక్కకు తోశాడు దళారీ. రామరాజుగారి కాయకన్నా ధర కట్టారా, ఆయన్నీ మళ్లీ రమ్మన్నారా?”

పందిరి లేచిపోయింది. వెనక నిలబడ్డ రైతుల్లో ఒకాయన తలగుడ్డ తీసి గాల్లో ఎగరేశాడు. ఆయనే పొద్దున మంగలి దగ్గర మొరపెట్టుకున్న మనిషి. తన పేరు రాలేదు, తన గోడు వచ్చింది. కథకుడు నవ్వు అణగనిచ్చి, “ధర కట్టలేదురా, దడుచుకున్నారు!” అని గొంతెత్తి మళ్లీ చరణం అందుకున్నాడు. ఇందాకటికన్నా ఆ చరణం మీద జనానికి ఇప్పుడే ఎక్కువ మక్కువ. రామరాజు కూడా మిరప రైతు పక్షమే అని ఊరంతటికీ తేలిపోయింది మరి.

బొబ్బిలి కథలో ఆయనకు పెద్ద సందు బుస్సీదొర దుబాసీ. కథకుడు దొరగా ఛాతీ విరిచి “నో” అనేవాడు. బుస్సీ ఫ్రెంచివాడు, అయినా మా పందిళ్లలో దొర నోరు తెరిస్తే ఇంగ్లీషే. బాబాయి దుబాసీగా వంగి నిలబడి ఆ ఒక్క ముక్కకు తెలుగు చెప్పేవాడు: “దొరవారు సెలవిచ్చేది ఏమనగా, మీ అర్జీ అందినది, విచారణలో ఉన్నది, గుమాస్తా సెలవులో ఉన్నాడు, సోమవారం వస్తే మంగళవారం రమ్మని చెప్పగలము.” 1757 నాటి యుద్ధంలోకి తాలూకా కచేరీ అలా నడిచి వచ్చేది. కరణాలు, మునసబులు ముందు వరసలో కూర్చుని నవ్వేవాళ్లు. నవ్వకపోతే తమ మీదే అనుకుంటారని వాళ్ల భయం.

మధ్యలో చదివింపులు. ఇది ఎవరూ పట్టించుకోని పని, అన్నిటికన్నా కష్టమైనది. జనంలోంచి చీటీలు, రూపాయి నోట్లు వస్తాయి. ఫలానావారి పేరు చెప్పి ఇంత ఇచ్చారని మైకులో చదవాలి. కథ తెగకూడదు, ఇచ్చినవాడి మనసు చిన్నబోకూడదు. ఆ బాధ్యత హాస్యపు వంతదే. ఒకాయన రూపాయి ఇచ్చి, తాతల నాటి నుంచి బిరుదులన్నీ చీటీలో రాసి పంపాడు. బాబాయి అంతా చదివి, ఆయాసపడి, “పేరు చదివిన కూలే రూపాయిన్నర అయింది గురువుగారూ, అర్ధరూపాయి మనమే ఎదురిద్దాం” అన్నాడు. ఆ ఆసామి లేచి నిలబడి ఐదు రూపాయలు విసిరాడు. చెబుతున్నంత తేలికేం కాదు ఇది. ఆ మనిషి పౌరుషం నవ్వు వైపు పోతుందో, కొట్లాట వైపు పోతుందో పొద్దుటినుంచి ఊళ్లో తిరిగినవాడే చెప్పగలడు.

ఆయన పనితనంలో నాకు ఎక్కువగా గుర్తున్నది మాత్రం ఆయన మాట్లాడని భాగం. కొయ్యూరు దగ్గర రామరాజును చెట్టుకు కట్టే ఘట్టం వచ్చేసరికి బాబాయి నోరు కట్టేసేవాడు. అంతవరకు ఆయన ఏమంటాడా అని చూస్తున్న పిల్లలు అప్పుడూ ఆయన వైపే చూసేవాళ్లు. ఆయన తల దించుకుని, మణికట్టుతో చర్మం నొక్కి పట్టి, అడుగు స్వరం ఒక్కటే మోగించేవాడు. నవ్వించేవాడు ఊరుకున్నాడంటే ఏదో ఘోరం జరుగుతున్నదని అక్షరం రాని ముసలమ్మలకు కూడా తెలిసిపోయేది. రాత్రంతా ఆయన వేసిన హాస్యం ఈ ఊరుకోవడానికి పెట్టిన మదుపని నా అభిప్రాయం. కాదనేవాళ్లుంటే వాళ్లు ఆయన్ను చూసి ఉండరు.

* * *

మంగళం పాడేసరికి కోడి కూసే జాము దగ్గర పడేది. జనం నిద్రమొహాలతో చాపలు చుట్టుకునేవాళ్లు. ముగ్గురూ వేదిక వెనక గోనెపట్టా మీద కూర్చుని వాటాలు వేసుకునేవాళ్లు. కథకుడిది పెద్ద వాటా, అది న్యాయమే. పేరు ఆయనది, కథ ఆయనది, పిలుపు ఆయనకే వస్తుంది. కరపత్రంలో కూడా ‘ఫలానావారి బృందంచే బుర్రకథ’ అని ఉండేది. వంతల పేర్లు ‘బృందం’లో ఉన్నాయనుకోవాలి. ఏ కరపత్రంలోనూ మా బాబాయి పేరు నేను చూడలేదు. నవ్విన ఊళ్లలో కూడా ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. ‘ఆ పొట్టి వంత’ అనేవాళ్లు.

వాళ్ల ముందుతరం వాళ్లకు ఈ నవ్వు ఇంకా ఖరీదు పడింది. ప్రజానాట్యమండలి రోజుల్లో బుర్రకథ పొలం గట్ల మీద కమ్యూనిస్టు పార్టీ మాట చెప్పింది. నిషేధాలు వచ్చాయి. జనంలో మఫ్టీ పోలీసులు కూర్చునేవాళ్లట. ఆ కాలంలోనే మోటూరి ఉదయం నడిపిన మహిళా దళం ఊళ్లు తిరిగి కథ చెప్పింది. ఆడవాళ్లు గుమ్మెట పట్టి నిలబడితే నోళ్లు వెళ్లబెట్టి చూశారని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు.

మా కాలానికి బాబాయిని కష్టపెట్టినవి వేరు. ఒకటి రేడియో. విజయవాడ కేంద్రం 1948 చివర్లో మొదలైంది. బుర్రకథకు అది పెద్ద వేదికే ఇచ్చింది, కాదనను. కానీ స్టూడియోలో జనం ఉండరు. నవ్వు వినకుండా ఎంతసేపు ఆగాలో ఈయనకు తెలిసేది కాదు. గోడకు చెప్పినట్టుందిరా అనేవాడు. ఊరు కూడా ఉండదు. రాష్ట్రమంతా వినే హాస్యంలో ఎవరి గేదెనీ ప్రస్తావించలేం. రెండోది ప్రచారం కథలు. కుటుంబ నియంత్రణ, చిన్న మొత్తాల పొదుపు, అక్షరాస్యత. డబ్బులు ఖాయంగా వచ్చేవి. ఒక ఆఫీసు నుంచి టైపు కొట్టిన కాగితాలు వచ్చేవి, హాస్యం కూడా అందులోనే. ప్రతి పేజీ కింద అధికారి సంతకం. దాటి ఒక్క మాట అనకూడదు. బాబాయి ఆ కాగితాలు నాకు చూపించి, “నవ్వు కూడా సంతకమై వచ్చిందిరా అబ్బాయ్, ఇక మనం నోరు తెరవడమే తరువాయి” అన్నాడు. అవి చెప్పినప్పుడు జనం మర్యాదగా విన్నారు.

తరవాతి సంగతి మీకు తెలిసిందే. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దగ్గర రికార్డింగు డాన్సులు వచ్చాయి. ఊరి పందిరికి వీడియో వచ్చింది, ఒక్క రాత్రికి మూడు సినిమాలు. ఇంటింటికీ టీవీ వచ్చింది. నిద్ర కాచి కథ వినే ఓపిక ముందు పోయిందో, కథ చెప్పేవాళ్లు ముందు పోయారో తేల్చడం కష్టం. బాబాయి గుమ్మెట అటకెక్కింది, మిషను ఏడాది పొడుగునా నడిచింది. కొన్నాళ్లకు రెడీమేడ్ బట్టలొచ్చి మిషనూ ఆగింది. ఆ మనిషి రెండు వృత్తులూ కళ్లముందే పోవడం చూశాడు.

* * *

పోయినదాని గురించి రాసేటప్పుడు మంచే గుర్తొస్తుంది. అది మోసం. ఆ హాస్యంలో సగం పెళ్లాల మీదే. పెళ్లాన్ని కొట్టిన కథ చెబితే మగవాళ్లు ఈలలు వేసేవాళ్లు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు, ఆ కొంగు వెనక నవ్వే ఉందని మేం అనుకునేవాళ్లం. కులాల పేర్లు, గుడ్డి, కుంటి, చెవుడు అన్నీ సరుకే. ఒక ఊళ్లో నత్తి ఉన్న ఒక మనిషి గొంతును బాబాయి ఉన్నదున్నట్టు దించాడు. జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆ మనిషిని చూశారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వును నేను నవ్వు కింద ఇప్పటికీ లెక్కవేయలేకపోతున్నాను. ఇవాళ అలా అంటే ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అడగాలి కూడా.

టీవీ హాస్యాన్ని చీదరించుకునే పెద్దమనుషుల్లో నేను లేను. 2013లో ‘జబర్దస్త్’ మొదలయ్యాక పల్లెల నుంచి వచ్చిన ఎంతమంది కుర్రాళ్ల పేర్లు ఇంటింటికీ తెలిశాయో చూశాం. వాళ్ల స్కిట్లు వాళ్లే రాసుకుంటారు, వాళ్లే ఆడతారు, పేరు తెర మీద పడుతుంది, డబ్బు చేతికొస్తుంది. పెరటి చూరు కింద విస్తరి లేదు. బాబాయికి ఇందులో నాలుగో వంతు దక్కినా సంతోషించేవాణ్ని. ఆడవాళ్ల మీద, ఒంటి రంగు మీద వేసే మాటల్లో మాత్రం ఆ పాత పందిరికీ ఈ కొత్త తెరకూ పెద్ద దూరం లేదు. మానాల్సింది మానలేదు, ఉంచుకోవాల్సింది ఉంచుకోలేదు. అదీ నా ఫిర్యాదు.

ఉంచుకోవాల్సింది ఏమిటంటారా? పొద్దున దిగిన ఊరి కష్టం పొద్దుపోయాక ఆ ఊరికే నవ్వుగా తిరిగి ఇవ్వడం. మిరపకు ధర రాని రైతు, ఆ ధర సంగతి వందలమంది మధ్య మైకులో విని తలగుడ్డ ఎగరేయడం. ఎక్కడో రాసుకుని, ఎక్కడో చిత్రీకరించి, లక్షలమంది చూసే హాస్యానికి ఆ సదుపాయం లేదు. అది ఎవరి తప్పూ కాదు. ఆ పనికి మనిషి ఊళ్లోకి రావాలి, గడ్డం గీయించుకోవాలి, వినాలి.

మరొక సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కథలు పోలేదు. అల్లూరి కథ, పల్నాటి కథ అచ్చులో ఉన్నాయి. కథకుల గొంతులు కొన్ని రికార్డుల్లో ఉన్నాయి. హాస్యం పోయింది. ఏ రాత్రిది ఆ రాత్రే కాబట్టి ఎవరూ రాసిపెట్టలేదు. చెప్పినవాళ్లు కూడా మర్నాటికి కొత్త ఊరి మాటలు పట్టుకోవాలి గనక పాతవి వదిలేశారు. మా బాబాయివి నాకు గుర్తున్నవి ఈ వ్యాసంలో చాలావరకు అయిపోయాయి. ఆయన్ను అడిగి రాసుకోవాలన్న ఆలోచన వచ్చేసరికి అడగడానికి ఆయన లేడు.

మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో గుమ్మెట కొట్టిన ముసలాయన, వంత పాడిన ముసలమ్మ ఎవరైనా ఉంటే వెళ్లి కూర్చోండి. కథ చెప్పమని అడగకండి, అది పుస్తకంలో దొరుకుతుంది. ఫలానా ఊళ్లో ఏమని నవ్వించావు, ఎవరికి కోపం వచ్చింది, ఎక్కడ నోరు మూసుకున్నావు అని అడగండి. ముందు గుర్తులేదంటారు. ఒక టీ తెప్పించి, ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే ఎత్తండి, వస్తాయి. ఫోను జేబులోనే ఉంటుంది కదా, దాంట్లో రికార్డు ఎలా చెయ్యాలో మీకు నేను చెప్పక్కర్లేదు.